విక్రాంత్ విశాఖలో ఉందట!
రెండు యుద్ధాల్లో మన తీరం విన్న పుకార్లు, వాటి వెనుక సంగతులు

1971 నవంబరు చివరి రోజుల మాట. విశాఖపట్నంలో నౌకాదళానికి సరుకులు సరఫరా చేసే కాంట్రాక్టర్లకు ఒక్కసారిగా పెద్ద ఆర్డర్లు వచ్చిపడ్డాయి. మాంసం కావాలి, పచ్చి కూరగాయలు కావాలి, అవీ మామూలుగా తీసుకునే లెక్కలో కాదు. ఇంత తిండి ఎవరికోసం అని బజారులో ఎవరైనా లెక్క వేసుకుంటే తేలేది ఒక్కటే. వెయ్యి మందికి పైగా సిబ్బంది ఉండే పెద్ద ఓడ ఏదో రేవులోకి వచ్చి ఉండాలి. అంత పెద్ద ఓడ మన దేశానికి ఆనాడు ఉన్నది విమానాలను మోసే ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ ఒక్కటే. కాబట్టి విక్రాంత్ విశాఖలోనే ఉంది!

నిజానికి విక్రాంత్ విశాఖలో లేదు. వందల మైళ్ళ దూరాన అండమాన్ దీవుల్లో, ఎవరి కంటా పడని చోట లంగరు వేసుకుని ఉంది. బజారులో ఆ లెక్క పుట్టాలనే, ఆ మాట శత్రువు చెవిన పడాలనే నౌకాదళం వారు సరుకులకు ఆర్డర్లు పెట్టారు.

యుద్ధం వస్తోందంటే పుకార్లు పుట్టటం కొత్త కాదు. అయితే అన్ని పుకార్లూ ఒక్క తీరుగా పుట్టవు. జనం భయంలో నుంచి పుట్టేవి కొన్ని. శత్రువును మోసగించటానికి పనిగట్టుకుని పుట్టించేవి కొన్ని. యుద్ధం అయిపోయాక, సంగతి పూర్తిగా బయటపెట్టని చోట పుట్టగొడుగుల్లా మొలిచేవి మరికొన్ని. ఈ మూడు రకాలనూ మన తీరం చూసింది. ఏది ఎలా పుట్టిందో తెలుసుకుంటే, రేపు మన చెవిన పడే మాటను ఎలా తూచాలో కూడా తెలుస్తుంది.

రంగం నుంచి వచ్చిన కబురు

మొదటి రకం చూడాలంటే 1942కు వెళ్ళాలి. కోస్తా జిల్లాల నుంచి కూలికీ వర్తకానికీ బర్మా వెళ్ళటం తాతల కాలం నుంచీ ఉన్న అలవాటు. రంగూన్‌ను మన వాళ్ళు 'రంగం' అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వచ్చేవారని అక్కడి వాళ్ళు తెలుగు వాళ్ళను 'కొరంగీలు' అని పిలిచేవారు. రంగంలో ఏం జరిగినా ఆ కబురు మన పల్లెల్లో ఇంటింటికీ ముట్టేది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఎన్నటికీ పడదని బ్రిటిష్ వారు చెప్పుకున్న సింగపూర్ కోట 1942 ఫిబ్రవరి 15న పడిపోయింది. మార్చి 8న రంగూన్ కూడా జపాన్ చేతికి చిక్కింది. మార్చి 23న జపాన్ సైన్యం అండమాన్ దీవుల్లో దిగింది. బర్మాలో ఉన్న మన వాళ్ళు లక్షల్లో కట్టుబట్టలతో బయలుదేరారు. ఓడలో చోటు దొరకని వాళ్ళు కొండలూ అడవులూ కాలినడకన దాటారు. దారిలో జ్వరాలకూ ఆకలికీ వేల మంది రాలిపోయారు.

అలా బతికి బయటపడి ఊరికి చేరిన మనిషి చెప్పే మాటకు ఎదురేముంది? ఒకవైపు సర్కారు 'భయం లేదు, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి' అంటోంది. మరోవైపు అదే సర్కారు మాట నమ్మి రంగంలో ఉండిపోయి సర్వం పోగొట్టుకున్నవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జనం ఎవరిని నమ్ముతారు?

ఆ స్థితిలో ఏప్రిల్ 6 వచ్చింది. ర్యూజో అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో జపాన్ నౌకలు ఎన్నో వర్తక ఓడలను ముంచాయి. పట్నం మీద పడిన బాంబులు కొన్నే. కాని 'జపాన్ వాడు దిగుతున్నాడు' అన్న మాట బాంబు పడని ఊళ్ళకు కూడా పాకింది. రైళ్ళు కిటకిటలాడాయి. బళ్ళు కట్టుకుని, ముసలివాళ్ళనూ పిల్లలనూ ఎక్కించుకుని జనం లోపలి పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు.

అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నది పల్లెటూరి జనం మాత్రమే కాదు. మద్రాసులో ఆనాటి ప్రభుత్వమే ఆ పని చేసింది. జపాన్ నౌకలు మద్రాసు మీదికి వస్తున్నాయన్న హెచ్చరిక నమ్మి, ఏప్రిల్ రెండో వారంలో తన కార్యాలయాలను పట్నం నుంచి తరలించింది. బాంబులు పడితే బోనులు విరిగి క్రూరమృగాలు వీధుల్లో పడతాయని జంతుప్రదర్శనశాలలోని సింహాలను, పులులను కాల్చి చంపించింది. తీరా చూస్తే జపాన్ నౌకాదళం అప్పటికే వెనక్కి మళ్ళింది. మన గట్టు మీద జపాన్ సైనికుడెవడూ కాలు పెట్టలేదు.

ఏలినవారే మూటాముల్లె సర్దుకున్నారని తెలిశాక సామాన్యుడు ఆగుతాడా? బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో దాచుకున్న డబ్బు తీసుకున్నారు. కాగితం నోటు రేపు చెల్లదేమోనని వెండి రూపాయలు, చిల్లర నాణేలు దాచేశారు. బజారులో చిల్లర కరువైంది. ఊరు విడిచి పోయేవాడు సామాను కారుచౌకకు అమ్ముకోక తప్పదు. నిదానంగా ఉన్నవాడు కొనుక్కుంటాడు. పుకారు వల్ల పేదవాడికి జరిగే మొదటి నష్టం ఇదే. బాంబు పడకుండానే ఇల్లు గుల్లవుతుంది.

తప్పుడు వార్తలు ప్రచారం చేసేవారిని శిక్షించటానికి భారత రక్షణ నిబంధనలు అప్పటికే అమల్లో ఉన్నాయి. కేసుల భయంతో మాట గొంతు తగ్గింది గాని ఆగలేదు. నిజం చెప్పే నోటి మీద నమ్మకం పోయిన తర్వాత శిక్షలు పుకారును ఆపలేవని 1942 చెప్పిన పాఠం.

పుకారే వలగా

ఇక రెండో రకం. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత అదే విశాఖలో, ఈసారి మన నౌకాదళమే మాట పుట్టించింది.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైనిక అణచివేత వల్ల దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. యుద్ధం తప్పదని ఇరుపక్షాలకూ తెలుసు. పాకిస్తాన్‌కు ఉన్న జలాంతర్గాముల్లో కరాచీ నుంచి బయలుదేరి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగలది ఘాజీ ఒక్కటే. అమెరికా నుంచి 1963లో తెచ్చుకున్న ఆ జలాంతర్గామి అసలు పేరు డయాబ్లో. విక్రాంత్‌ను వెతికి ముంచటం కోసం అది నవంబరు 14న కరాచీ రేవు విడిచింది.

విక్రాంత్‌కు అప్పటికే ఒక బాయిలరు చెడి వేగం తగ్గింది. ఘాజీ కంట పడితే తప్పించుకోవటం కష్టం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ అందుకే ఒక ఎత్తు వేశారు. విక్రాంత్‌ను అండమాన్‌కు పంపి, అది విశాఖ దగ్గరే ఉన్నదన్న మాట పుట్టించారు. సరుకుల ఆర్డర్లు అందులో భాగం. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను విక్రాంత్‌లా నటించమని సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ నుంచి వెళ్ళినట్టుగా వైర్‌లెస్ సందేశాలు ఎక్కువగా పంపించారు. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు తన తల్లికి ఒంట్లో ఎలా ఉందో అడిగినట్టు రహస్య లిపి లేని మామూలు తంతి ఒకటి కూడా పంపించారు. ఈ వివరాలను కృష్ణన్ 1980లో వచ్చిన తన పుస్తకంలో చెప్పారు.

పాకిస్తాన్ వారి వైర్‌లెస్ సందేశం ఒకటి మన వాళ్ళ చేతికి చిక్కింది. జలాంతర్గాములకూ మైన్లు ఏరే ఓడలకూ మాత్రమే వాడే ఒక రకం నూనె గురించి చిట్టగాంగ్‌లో వాకబు చేస్తున్నారు. దాంతో ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చిందని కృష్ణన్ గ్రహించారు.

ఇక్కడ ఆలోచించవలసిన మాట ఒకటి ఉంది. విక్రాంత్ విశాఖలో ఉందని శత్రువు నమ్మితే అతడు వచ్చేది విశాఖకే. అంటే ఓడను కాపాడటానికి వేసిన ఎత్తు ముప్పును మన రేవు గుమ్మం దాకా రప్పించగలదు. ఆ సంగతి పట్నంలో ఎవరికీ తెలియదు, తెలియనిస్తే ఎత్తు పారదు. యుద్ధంలో సర్కారు అబద్ధమాడక తప్పని ఘట్టాలు ఉంటాయి. కాని ఆ అబద్ధం వినేది శత్రువు ఒక్కడే కాదు. అదే బజారులో కూరలు కొనుక్కునే మనమూ వింటాం.

అర్ధరాత్రి పేలుడు

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు ఉత్తరాదిన మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రికి కాస్త ముందు, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయలుదేరింది. నీటిలో అనుమానంగా కనిపించిన చోట డెప్త్ చార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, జారవిడిచింది. అర్ధరాత్రి దాటి సుమారు పావు గంట అయ్యేసరికి సముద్రంలో బ్రహ్మాండమైన పేలుడు వినిపించింది. ఆ రాత్రే ప్రధాని ఇందిరాగాంధీ రేడియోలో జాతినుద్దేశించి మాట్లాడారు.

తెల్లవారాక సముద్రం మీద నూనె తెట్టు, తేలుతున్న వస్తువులు కనిపించాయి. తెప్పల మీద వేటకు వెళ్ళిన మన మత్స్యకారులు దొరికినవాటిని తెచ్చి అప్పగించారు. తర్వాత నౌకాదళం ఈతగాళ్ళు అడుగుకు దిగి చూసి అది ఘాజీయేనని తేల్చారు. అందులోని తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. ఘాజీ మునిగిందన్న ప్రకటన డిసెంబరు 9న వెలువడింది. అంతవరకూ తీరం జనానికి తెలిసింది పేలుడు చప్పుడు ఒక్కటే.

ముంచిందెవరు?

పుకార్లలో మూడో రకం ఇక్కడ మొదలవుతుంది. ఘాజీ మునిగిందన్నది నిజం. ఎలా మునిగింది అన్న దాని మీద ఇప్పటికీ ఒక్క మాట లేదు.

రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనే మునిగిందని మన నౌకాదళం మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. పాకిస్తాన్ వారు అది ప్రమాదం అంటారు. విక్రాంత్ దొరక్కపోతే విశాఖ రేవు ముందు మైన్లు వేయటం ఘాజీకి అప్పగించిన మరో పని అనీ, తాను వేసిన మైన్లలో ఒకటి తన మీదే పేలిందనీ వారి వాదన. బ్యాటరీలు చార్జి చేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ వాయువు లోపల పేరుకుని అంటుకుందని మన విశ్రాంత నౌకాదళాధికారుల్లోనే కొందరు అన్నారు. సైన్యం తూర్పు కమాండ్‌లో ఆనాడు ఉన్నతాధికారిగా ఉన్న జాకబ్ అయితే, శకలాలు దొరికాయన్న కబురు డిసెంబరు 3 ఉదయమే తనకు వచ్చిందని తన పుస్తకంలో రాశారు. అదే నిజమైతే యుద్ధం మొదలు కాకముందే ఘాజీ మునిగి ఉండాలి.

ఇన్ని కథలు ఎందుకు పుట్టాయి? అసలు కాగితాలు చూసి తేల్చుకుందామంటే, ఘాజీకి సంబంధించిన రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. జలాంతర్గామిని పైకి తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకొచ్చాయనీ, మన ప్రభుత్వం ఒప్పుకోలేదనీ చెబుతారు. కాగితం లేదు, ఓడ నీటి అడుగున ఉంది, చూసినవాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. ఇక ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకోవచ్చు.

ఏ దేశం నావికుడికైనా తన పక్షం చెప్పే కథే ఇంపుగా ఉంటుంది. 'మన వాళ్ళు ముంచారు' అన్న మాటలో గర్వం ఉంది. 'ప్రమాదంలో పోయారు' అన్న మాటలో అవతలివారికి ఊరట ఉంది. మనకు నచ్చినంత మాత్రాన మాట నిజమైపోదు, నచ్చనంత మాత్రాన అబద్ధమూ కాదు. నిజంగా తెలిసినంత వరకే చెప్పాలంటే, రాజ్‌పుత్ బాంబులు వేసింది, పెద్ద పేలుడు జరిగింది, ఘాజీ మన రేవు ముందు మునిగింది. ఈ మూడింటిని కలిపే ముడి దగ్గరే తగవు ఉంది.

సినిమా వేరు, జరిగింది వేరు

2017లో 'ఘాజీ' సినిమా వచ్చాక ఇంకో కథ చేరింది. సినిమాలో మన జలాంతర్గామి ఒకటి నీటి అడుగున పోరాడి ఘాజీని ముంచుతుంది. సినిమా సినిమాగా బాగుంది, జనం ఆదరించారు. అయితే అది కల్పన. ఘాజీతో మన జలాంతర్గామి ఏదీ అలా పోరాడినట్టు నౌకాదళం ఎన్నడూ చెప్పలేదు.

విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూడటానికి పల్లెల నుంచి బస్సుల్లో వెళుతుంటారు. ఘాజీని ముంచింది అదేనని పిల్లలకు చెప్పకండి. కుర్సురా ఆ యుద్ధంలో పాల్గొన్నది నిజమే గాని, అది గస్తీ తిరిగింది పడమట అరేబియా సముద్రంలో. అదే బీచ్‌లో 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. పిల్లలకు అది చూపించి, జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

ఇప్పటి పుకారుకు కాళ్ళు అక్కర్లేదు

1942లో పుకారు బండి మీదా రైలు మీదా ప్రయాణం చేసింది. పట్నంలో పుట్టిన మాట మన్యం చేరటానికి రోజులు పట్టేది. ఇప్పుడు ప్రతి జేబులో సెల్‌ఫోన్ ఉంది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు పర్యాటకులను కాల్చి చంపిన తర్వాత, మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ చేపట్టింది. అదే రోజు విశాఖపట్నంలో, హైదరాబాదులో పౌర రక్షణ కసరత్తులు జరిగాయి. సైరన్ మోగినప్పుడు ఏం చేయాలో నేర్పటానికి పెట్టిన కసరత్తు అది. మే 10న కాల్పులు ఆగాయి. ఆ మూడు నాలుగు రోజుల్లోనే ఫోన్లలో ఎన్నెన్నో తిరిగాయి. రెండు మూడు రోజులు ఏ.టీ.ఎమ్.లు మూసేస్తారన్న సందేశం వాటిలో ఒకటి. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం ప్రకటించింది. పెట్రోలు, గ్యాస్ చాలినంత ఉన్నాయి, ఎగబడవద్దని ఇండియన్ ఆయిల్ సంస్థ చెప్పుకోవలసి వచ్చింది. ఎక్కడెక్కడివో పాత యుద్ధాల వీడియోలను ఇప్పటివని పంపుకున్నారు.

చూడండి, 1942లో వెండి రూపాయి దాచుకోవటానికీ 2025లో ఏ.టీ.ఎమ్. మూస్తారన్న మాటకూ తేడా ఎంత? యుద్ధం పుకారు చివరికి వచ్చి పడేది మన డబ్బు మీద, మన తిండిగింజల మీదే. భయపడి అందరూ ఒకే రోజు ఎగబడితే లేని కరువు నిజంగానే వస్తుంది. అప్పుడు పుకారు పుట్టించినవాడు 'నేను ముందే చెప్పలేదా' అంటాడు.

ఊళ్ళో ఏం చేయవచ్చు?

యుద్ధం మాట వినగానే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట చెప్పినవాడు కళ్ళారా చూశాడా, ఇంకొకడు చెబితే విన్నాడా? 'అట' తో ముగిసే మాట ఎప్పుడూ రెండో చేతి సరుకే. ఏ రోజు, ఏ ఊళ్ళో జరిగిందో అందులో ఉందా? ఇది నమ్మి మనం పరుగెత్తితే లాభపడేది ఎవరు? ఇది వెంటనే పదిమందికి పంపమని ఎందుకు తొందరపెడుతున్నారు?

నాలుగింటికీ జవాబు దొరక్కపోతే ఆ మాటను మన దగ్గరే ఆపేయవచ్చు. రేడియోలో, పత్రికలో, కలెక్టరు ప్రకటనలో వచ్చేదాకా ఆగితే మునిగిపోయేది ఏమీ లేదు. సైన్యం బళ్ళు ఎటు పోతున్నాయి, రేవులో ఏ ఓడ ఆగింది వంటివి నిజమే అయినా ఫోన్‌లో పెట్టకూడదు. తల్లి ఆరోగ్యం అడిగిన ఒక్క తంతితో శత్రువుకు ఓడ ఆచూకీ ఇవ్వవచ్చని 1971లో మన నౌకాదళమే లెక్క వేసింది. అప్పుడు అది కావాలని పంపిన తప్పుడు కబురు. మనం తెలియక నిజం కబురు పంపితే అది పోయి ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

అధికారుల వంతు కూడా ఉంది. యుద్ధ రహస్యాలు చెప్పమని ఎవరూ అడగరు. బియ్యం ఎంత ఉంది, రైళ్ళు నడుస్తాయా, సైరన్ మోగితే ఎక్కడికి పోవాలి అన్నవి మాత్రం ఏ రోజుకారోజు, పల్లె భాషలో చెప్పాలి. ఊళ్ళో దండోరా వేయించాలి. 1942లో మద్రాసు ప్రభుత్వం మాట జనం వినకపోవటానికి కారణం జనం మూర్ఖులు కావటం కాదు. అంతకు ముందు విన్న మాటలు వరసగా తప్పని తేలటమే.

ఘాజీ శకలాలు ఉన్న చోటును నౌకాదళం గుర్తించిందని 2024లో వార్తలు వచ్చాయి. చనిపోయిన నావికులను గౌరవించి వాటిని కదపలేదన్నారు. తొంభై పైచిలుకు మంది అక్కడే, మన రేవుకు కొద్ది మైళ్ళలో ఉన్నారు. వారి పక్కనుంచే మన వాళ్ళు రోజూ వేటకు పోతుంటారు. వాళ్ళెలా పోయారో పూర్తిగా తేలకపోవచ్చు. విక్రాంత్ కోసం వచ్చారు, విక్రాంత్ అక్కడ లేదు. అంతవరకు ఖాయం.